చైనా వాళ్లకి 'సీ' నేర్పాలంటే ముందు వాళ్ల 'జియన్' దగ్గరికి వెళ్లాలి

"ఐ లైక్ టు సీ బుక్స్ ఎట్ నైట్" అని ఒక చైనా అమ్మాయి అంటే వినేవాళ్లకి ఏమనిపిస్తుంది? రాత్రిపూట పుస్తకాల అట్టలు చూస్తూ కూర్చుంటుందేమో అనిపిస్తుంది. "ఐ మస్ట్ గో లుక్ డాక్టర్", "లుక్ మీ, లుక్ మీ", "ఐ లుక్డ్ హిమ్ ఇన్ ద మార్కెట్ బట్ హి డిడింట్ లుక్ మీ"... చైనా నుంచి వచ్చినవాళ్లతో కలిసి పనిచేసినవాళ్లు ఇలాంటివి వినే ఉంటారు. విన్నవాళ్లలో కొందరు నవ్వుకుంటారు, కొందరు మంచి మనసుతో సరిదిద్దుతారు, "అది సీ కాదు, రీడ్ అనాలి" అని. ఇంకా ఓపికున్నవాళ్లు డిక్షనరీ తీసి సీ అనే మాటకి ఉన్న అర్థాలన్నీ వరసగా చూపిస్తారు, చూడటం ఒకటి, అర్థం చేసుకోవడం రెండు, కలవడం మూడు అని. ఈ లిస్టు పద్ధతి వల్ల ఎవరికీ పెద్దగా ఉపయోగం లేదని నా గట్టి నమ్మకం. సీ అనే క్రియ చైనా వాళ్ల నోట్లో కుదురుకోవాలంటే వాళ్ల సొంత భాషలోనే దానికి దారి ఉంది, ఆ దారి మన తెలుగు వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది కూడా.

నేను సింగపూర్‌లో ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో మెయిన్‌ల్యాండ్ చైనా నుంచి వచ్చినవాళ్లకి స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తుంటా, డబ్బుకి కాదు, వాళ్లు నాకు మాండరిన్ నేర్పుతారు, అదీ మా ఒప్పందం. కాబట్టి ఇక్కడ రాసేది రెండు వైపుల నుంచీ చూసి రాస్తున్నదే.

ముందు ఖాన్ గురించి చెప్పాలి. మాండరిన్‌లో ఖాన్ అనే క్రియ ఉంది, స్వరాన్ని పైనుంచి కిందికి దించుతూ పలకాలి. పుస్తకం చదవడం ఖాన్ షూ, సినిమా చూడటం ఖాన్ దియన్‌యింగ్, ఒంట్లో బాలేక ఆస్పత్రికి వెళ్తే ఖాన్‌బింగ్, అక్కడ డాక్టర్ చేసే పని కూడా ఖాన్‌బింగే. స్నేహితుణ్ణి పలకరించి రావడం కూడా ఖాన్. 'నన్నడిగితే' అనాల్సిన చోట వో ఖాన్ అంటారు, అంటే నేను చూస్తే అని. పరిస్థితిని బట్టి చూద్దాంలే అనడానికి ఖాన్ ఛింగ్‌ఖ్వాంగ్ (సింగపూర్ ఇంగ్లీష్‌లో పొద్దస్తమానం వినపడే "సీ హౌ" కూడా ఈ కుటుంబంలోదే). మనిషిని తక్కువ చేసి చూస్తే ఖాన్‌బుఛీ, మనం చిన్నచూపు అంటామే అది. అన్నిటికన్నా నాకు ముచ్చటేసింది మాత్రం షిషి ఖాన్. చేసి చూడు, తిని చూడు, అడిగి చూడు, వేసుకుని చూడు అని మనం ఎలా అంటామో అచ్చం అలాగే అసలు క్రియ ముందు, చూడు దాని వెనక. ఇంగ్లీష్ వాళ్లు అలా అనరు, ట్రై అనే వేరే క్రియ తెచ్చుకుంటారు. ఇదే ఖాన్‌ని దించకుండా సమంగా సాగదీసి పలికితే కాపలా ఉండటం, కనిపెట్టుకుని ఉండటం అవుతుంది, ఖాన్ హాయ్‌జ అంటే పిల్లల్ని చూసుకోవడం. కాస్త ఇల్లు చూస్తుండండి, ఇప్పుడే వస్తాం అని పక్కింటి పిన్నిగారికి చెప్పేటప్పుడు మనం వాడే చూడు కూడా ఇదే కదా. మొదటిసారి ఇవన్నీ ఒక్కొక్కటే తెలుస్తుంటే, ఎక్కడో వేల మైళ్ల అవతల భాష, మనకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు, అయినా చూపు చుట్టూ ఆలోచన ఇంత దగ్గరగా ఎలా అల్లుకుందా అని చాలాసేపు ఆశ్చర్యపోయాను.

ఇంత పెద్ద ఖాన్ ఉంది కాబట్టి చైనా విద్యార్థి ఇంగ్లీష్‌లో సీ, లుక్, వాచ్, రీడ్, విజిట్ అని అయిదారు మాటలు చూసేసరికి అన్నిటి వెనకా వాడికి ఖాన్ ఒక్కటే కనపడుతుంది. నోరు తెరిచినప్పుడు ఏది ముందు గుర్తొస్తే అది వచ్చేస్తుంది. అందుకని చాలామంది టీచర్లు ఖాన్‌ని శత్రువులా చూస్తారు, మీ భాష మర్చిపోండి, ఇంగ్లీష్‌లోనే ఆలోచించండి అంటారు. ఈ సలహాతోనే నాకు పేచీ.

ఎందుకంటే ఖాన్ ఒంటరిది కాదు. దాని వెనక జియన్ చేర్చి ఖాన్‌జియన్ అంటే అర్థం మారిపోతుంది. ఖాన్ అంటే కళ్లు అటు తిప్పడం, చూసే ప్రయత్నం చేయడం. ఖాన్‌జియన్ అంటే ఆ వస్తువు కంటికి ఆనడం. "చూశాను గానీ కనబడలేదు" అనే వాక్యం ఉంది కదా, దాన్ని మాండరిన్‌లో పెడితే ముందు సగంలో ఖాన్, వెనక సగంలో ఖాన్‌జియన్ వస్తాయి, ఇంగ్లీష్‌లో పెడితే ముందు లుక్, వెనక సీ వస్తాయి. "ఐ లుక్డ్, బట్ ఐ డిడింట్ సీ ఇట్." మూడు భాషలూ ఒకే చోట గీత గీశాయి, పని ఇటు, ఫలితం అటు. ఇది కళ్లతోనే ఆగదు. వినడం థింగ్, వినబడటం థింగ్‌జియన్, ఇంగ్లీష్‌లో లిజన్, హియర్. వెతకడం జావ్, దొరకడం జావ్‌దావ్, ఇంగ్లీష్‌లో లుక్ ఫర్, ఫైండ్. మనం కనబడు, వినబడు అని రెంటికీ ఒకే 'బడు' తగిలించినట్టు వాళ్లు రెంటికీ ఒకే జియన్ తగిలిస్తారు. వాసన తగిలినా అదే జియన్.

లిపిలో కూడా ఈ తేడా ఉంది, ఇది తెలిశాక నేను క్లాసులో బోర్డు మీద వేయకుండా ఉండలేను. ఖాన్ అక్షరంలో పైన చెయ్యి, కింద కన్ను, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా చూసే మనిషి అన్నమాట, అంటే ప్రయత్నం. జియన్ పాత రూపంలో రెండు కాళ్ల మీద ఒక పెద్ద కన్ను, అంతే, చెయ్యి లేదు. ఇప్పటి సరళ లిపిలో ఆ కన్ను చెరిగిపోయింది కాబట్టి మెయిన్‌ల్యాండ్ పిల్లలకి పాత రూపం రాసి చూపిస్తే వాళ్లకే కొత్తగా ఉంటుంది, ఫోన్‌లో ఫొటో తీసుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

కాబట్టి సీ అంటే ఖాన్ అనే సమీకరణం తీసేసి సీ అంటే జియన్ అని పెడితే ఎన్ని ముడులు విడిపోతాయో చూడండి.

మొదటిది 'లుక్ మీ'. మాండరిన్‌లో ఖాన్ తర్వాత నేరుగా కర్మ వచ్చేస్తుంది, తెలుగులో "నన్ను చూడు" అన్నట్టు, మధ్యలో ఎట్ లాంటిదేదీ అక్కర్లేదు. ఇంగ్లీష్‌లో పని చెప్పే క్రియలు మాత్రం వస్తువు దాకా వెళ్లడానికి ఒక చిన్న మాట సాయం తీసుకుంటాయి, లుక్ ఎట్, లిజన్ టు, లుక్ ఫర్. ఫలితం చెప్పేవి ఏ సాయమూ లేకుండా నేరుగా తాకుతాయి, సీ, హియర్, ఫైండ్. మాండరిన్‌లో ఇది తిరగబడి ఉంటుంది, పని చెప్పే మాట ఒంటరిగా ఉంటుంది, ఫలితం చెప్పాలంటే వెనక తోక కావాలి. అంటే చైనా విద్యార్థికి చెప్పాల్సింది ఒక్క ముక్క: మీకు తోక ఎక్కడ ఉందో ఇంగ్లీష్‌లో అక్కడ ఉండదు, మీకు ఎక్కడ లేదో అక్కడ ఉంటుంది. ఎట్ ఎప్పుడు పెట్టాలి, టు ఎప్పుడు పెట్టాలి అని ఏళ్ల తరబడి బట్టీ పట్టినవాళ్లు ఈ మాట వినగానే ఒక్క క్షణం ఆగి, నోట్‌బుక్‌లో మూడు జతలూ పక్కపక్కన రాసుకుని, అవును కదా అంటారు. ఈ మూడు జతలకీ బాగా పనిచేస్తుంది, అన్ని క్రియలకీ పాకించకూడదు, కానీ రోజూ వాడేవి ఈ మూడే.

రెండోది 'ఐ యామ్ సీయింగ్'. కొండ కనపడుతోంది అనడానికి "ఐ యామ్ సీయింగ్ ద మౌంటెన్" అనకూడదని ఇంగ్లీష్ గ్రామర్ పుస్తకాలన్నీ చెప్తాయి, స్టేటివ్ వెర్బ్ అని ఒక పేరు కూడా పెట్టి. చైనా వాళ్లకి ఆ పేరు అక్కర్లేదు. జరుగుతున్న పనికి మాండరిన్‌లో క్రియ ముందు జాయ్ పెడతారు, జాయ్ ఖాన్ అంటే చూస్తూ ఉన్నా, బాగానే ఉంటుంది, జాయ్ ఖాన్‌జియన్ అని మాత్రం ఎవ్వరూ అనరు, చిన్నపిల్లాడికి కూడా అది తప్పుగా వినిపిస్తుంది. మీ నోటికి జాయ్ ఖాన్‌జియన్ రానప్పుడు ఐ యామ్ సీయింగ్ కూడా రానివ్వకండి అంటే చాలు. ఈ విషయంలో మనకన్నా వాళ్లే నయం, మనం "నాకు కొండ కనబడుతోంది" అని హాయిగా అంటాం కాబట్టి మన నోట్లో ఐ యామ్ సీయింగ్, ఐ యామ్ హియరింగ్ సులువుగా దొర్లుతాయి. పైగా మనకి కనబడేది కర్త, చూసే మనిషి 'నాకు' అయిపోతాడు, చైనా వాళ్లకీ ఇంగ్లీష్ వాళ్లకీ చూసే మనిషే కర్త. మరి కొండ ఇప్పుడు కళ్ల ముందు ఉందని ఎలా చెప్పాలి? "ఐ కెన్ సీ ద మౌంటెన్." దీనికీ వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంది, ఖాన్ కీ జియన్ కీ మధ్య ద అని చిన్న అక్షరం దూరిస్తే ఖాన్‌దజియన్, కనపడుతుంది, బు దూరిస్తే ఖాన్‌బుజియన్, కనపడదు. కెన్ సీ, కాంట్ సీ. నేత్ర పరీక్షకి వెళ్లినప్పుడు డాక్టర్ ముందు అనాల్సిన వాక్యాలు ఇవే.

ఇంత దగ్గర దారి ఉండగా బళ్లలో ఎందుకు చెప్పరు అంటే, అక్కడి చదువు నడిచే తీరు అలాంటిది. 2001లో చైనా విద్యాశాఖ మూడో తరగతి నుంచే ఇంగ్లీష్ పెట్టాలని నిర్ణయించింది, ఇంటర్ స్థాయి తర్వాత రాసే గావ్‌ఖావ్ పరీక్షలో చాలా ప్రావిన్సుల్లో మొత్తం 750 మార్కులకి ఇంగ్లీష్‌కే 150, చైనీస్‌కీ లెక్కలకీ ఎంతో దానికీ అంతే. కాలేజీకి వెళ్తే 1987 నుంచి నడుస్తున్న సెట్-4 అనే ఇంగ్లీష్ పరీక్ష. ఇన్ని పరీక్షలకి ఒకటే ఆయుధం, బెయ్ దాన్‌త్స, అంటే మాటలు బట్టీ పట్టడం. అక్షరక్రమంలో ఉండే ఆ మాటల పుస్తకాల్లో మొదట్లోనే వచ్చేది అబాండన్, ఆ మాట చైనా విద్యార్థులందరికీ ఎంత గుర్తంటే, పుస్తకం తెరవగానే వదిలేయమనే చెప్తోంది అని వాళ్లలో వాళ్లు అనుకుంటూ ఉంటారు. నిజానికి ఆ లిస్టుల్లో సీ పక్కన ఖాన్‌జియన్ అనే ఉంటుంది, తప్పు రాయలేదు వాళ్లు. కానీ దాని కిందే సీ ఎ ఫిల్మ్ అంటే ఖాన్ దియన్‌యింగ్, సీ ఎ డాక్టర్ అంటే ఖాన్‌బింగ్ అని విడివిడిగా ఉంటాయి, ఎందుకు జియన్ ఉంది, ఎందుకు పోయింది అని చెప్పే దిక్కు లేదు, చివరికి పిల్లాడి బుర్రలో మిగిలేది సీ ఈక్వల్స్ ఖాన్.

ఇక్కడ నాతో వాదించేవాళ్లు ఉంటారు, మాతృభాషని మధ్యలోకి తెస్తేనే కదా ఈ తప్పులన్నీ, మళ్లీ దాన్నే తెమ్మంటావేంటి అని. ఆ వాదన నాకు తెలుసు, ఇంగ్లీష్ మీడియం బళ్లలో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే రోజుల నుంచీ తెలుసు. నా జవాబు ఏంటంటే, మాతృభాషని ఎవరూ మధ్యలోకి తీసుకురారు, అది అక్కడే ఉంటుంది, పెద్దయ్యాక ఇంకో భాష నేర్చుకునేవాళ్లు దాన్ని గుమ్మం బయట చెప్పుల్లా వదిలి లోపలికి రాలేరు. సగం చూసి వాడితే తప్పులొస్తాయి, ఖాన్ ఒక్కటే చూసి జియన్‌ని వదిలేస్తే లుక్ డాక్టర్లు పుడతాయి. మొత్తం చూసి వాడితే అదే భాష తప్పుని పట్టిస్తుంది.

జియన్ ఒక్కదాన్నే, ఖాన్ లేకుండా తీసుకుంటే కలవడం. సీ యూ అనడానికి జాయ్‌జియన్, మళ్లీ కలుద్దాం (ఈ జాయ్ ఇందాకటి జాయ్ కాదు, మళ్లీ అని అర్థం). "లాంగ్ టైమ్ నో సీ" అనే మాట ఉంది కదా, అది హావ్‌జియో బుజియన్‌కి మాటకి మాట సరిపోతుంది, అది చైనా వాళ్ల పిడ్జిన్ ఇంగ్లీష్ (రెండు భాషలు కలగలిసిన వచ్చీరాని ఇంగ్లీష్) నుంచే వచ్చిందని చాలామంది అంటారు, అమెరికా ఆదివాసులు మాట్లాడిన ఇంగ్లీష్ నుంచి అని ఇంకో వాదన కూడా ఉంది, ఎక్కడిదైనా ఇప్పుడు ఇంగ్లీష్ వాళ్లందరూ వాడేస్తున్నారు. అందులో ఉన్నది జియన్, దానికి పడింది సీ, ఖాన్ కాదు, నాకు కావాల్సిన సాక్ష్యం అదే. అభిప్రాయం అనే మాట యీజియన్‌లో కూడా ఈ జియనే ఉంది. "ఐ యామ్ సీయింగ్ సమ్‌వన్" అంటే ప్రేమలో ఉన్నా అని (ఇక్కడ సీ అంటే కనబడటం కాదు, కలుస్తూ ఉండటం, అందుకే ఇంగ్ చెల్లుతుంది) అర్థం చెప్పినప్పుడు మా క్లాసులో కాసేపు పెళ్లి సంబంధాల కబుర్లు నడిచాయి, ఎందుకంటే వాళ్లకీ పెళ్లిచూపులు ఉన్నాయి, షియాంగ్‌ఛిన్ అంటారు, అందులో షియాంగ్ అంటే నచ్చిందో లేదో స్వయంగా చూసుకోవడం. షాంఘై పీపుల్స్ పార్కులో తల్లిదండ్రులు పిల్లల వయసు, ఎత్తు, చదువు, జీతం కాగితాల మీద రాసి పెట్టుకుని సంబంధాలు వెతికే మూల ఒకటి చాలా పేరున్నది.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎందుకంటే ఇక్కడ తప్పు గ్రామర్‌లో ఆగదు, మనుషుల మధ్యకి వస్తుంది. మీరు ఒక చైనా సహోద్యోగికి ఏదో వివరంగా చెప్తారు, సర్వర్ ఎందుకు పడిపోయిందో, ఫారం ఎక్కడ నింపాలో. అతను తల ఊపుతూ "ఐ నో, ఐ నో" అంటాడు. మీకు కోపం వస్తుంది, తెలిస్తే నన్నెందుకు అడిగావు అనిపిస్తుంది. మీటింగుల్లో పెద్దవాళ్ల ముందు ఇలా అని పొగరుబోతుగా పేరు తెచ్చుకున్న నెమ్మదస్తుణ్ణి నేను చూశా, అతనికి ఎవరూ చెప్పలేదు, చాటుగా మాత్రం అనుకున్నారు. అతను అనాలనుకున్నది ఏంటి? వో జిదావ్ ల. జిదావ్ అంటే తెలుసు. జిదావ్ ల అంటే తెలిసింది. ఆ చివర ల ఉంది చూశారా, అది పరిస్థితి మారిందని చెప్తుంది, ఇంతకుముందు తెలీదు, మీరు చెప్పాక తెలిసింది అని. తెలుగులో తెలుసు అన్నా తెలిసింది అన్నా వినేవాళ్లకి ఎంత తేడానో మనకి వేరే చెప్పక్కర్లేదు, అమ్మ ఏదైనా చెప్తుంటే తెలుసు తెలుసు అని విసుక్కున్న ప్రతి పిల్లాడికీ ఆ తేడా వీపు మీద తెలుసు. ఇంగ్లీష్‌లో నో కి ల లాంటిది తగిలించే వీల్లేదు, ఐ నో అంటే తెలుసు మాత్రమే. తెలిసింది అనాలంటే మాట మార్చాలి, "ఐ సీ". మళ్లీ సీ, మళ్లీ ఫలితం చెప్పే క్రియే, ఇప్పటిదాకా కనపడనిది ఇప్పుడు కనపడింది అని. జిదావ్ దగ్గర ల ఉంటే ఐ సీ, ల లేకపోతే ఐ నో. ఇది ఒక్కటి నేర్చుకుని వెళ్లినా చాలు, ఉద్యోగంలో ఎంత మేలో. ఈ ఒక్క విషయం కోసమైనా చైనా వాళ్లతో పనిచేసే మన తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్లు, అటు చైనాలో ఎంబీబీఎస్ చదివే మన పిల్లలు ఇది తెలుసుకోవాలని నాకుంది, అవతలివాళ్లు ఐ నో అంటే అది పొగరు కాదు, ల రాలేదు అంతే.

జియన్ అన్ని చోట్లా పనిచేస్తుందా అంటే చేయదు, అది దాచడం న్యాయం కాదు. సినిమా దగ్గర ఇంగ్లీష్ వాళ్లు సీ ఎ మూవీ అంటారు, మాండరిన్‌లో జియన్ రాదు, ఉత్త ఖానే. డాక్టర్ దగ్గరా అంతే. డాక్టర్‌ని కలవడం అనుకుంటే జియన్ కిందికి లాగొచ్చు, నేనలాగే చెప్తా. సినిమాకి మాత్రం గువో అనే ఇంకో తోక సాయం చేస్తుంది, అది అనుభవం అయిపోయిందని చెప్తుంది, ఖాన్ గువో అంటే "ఐ హావ్ సీన్ ఇట్", ఆ సినిమా నేను చూసేశా. కానీ నిన్న, పోయినేడు లాంటి మాట పక్కన ఉంటే హావ్ తీసేసి సా అనాలి, చైనా క్రియలకి కాలాన్ని బట్టి రూపం మారదు కాబట్టి సీ, సా, సీన్ అనేవి నోటికి ఎక్కడానికి టైమ్ పడుతుంది, అక్కడ దగ్గర దారి లేదు, చెప్పి చెప్పి అలవాటు కావాల్సిందే. వాచ్ విషయంలో మాతృభాష అస్సలు సాయం రాదు, వాళ్లకీ మనకీ కూడా. కదిలేదాన్ని, జరుగుతూ ఉన్నదాన్ని కాసేపు చూడటం వాచ్, టీవీ, క్రికెట్ మ్యాచ్, ఆడుకునే పిల్లలు. పుస్తకానికి రీడ్, అది విడిగా గుర్తుపెట్టుకోమంటా, మనకి చదువు అనే మాట వేరే ఉంది కాబట్టి ఈ ఇబ్బంది మనకి రాదు, వాళ్లకి మౌనంగా చదవడం ఖాన్, పైకి చదివినా, బడిలో చదువుకున్నా దు.

ఇవన్నీ అయ్యాక మిగిలేది వాక్యంలో వాక్యం. అతను రోడ్డు దాటడం చూశాను. చైనా విద్యార్థి "ఐ సా హి క్రాస్ ద రోడ్" అంటాడు, ఎందుకంటే తా అనే ఒక్క మాటే వాళ్లకి హి కూ హిమ్ కూ. ఇక్కడ హిమ్ అని సరిదిద్దడం తేలికే, క్రాస్ అనాలా క్రాసింగ్ అనాలా అన్నదే అసలు చిక్కు. దాటడం చూశాను అంటే ఇటునుంచి అటు చేరేదాకా చూసినట్టు, "ఐ సా హిమ్ క్రాస్". దాటుతుండగా చూశాను అంటే మధ్యలో చూసినట్టు, "ఐ సా హిమ్ క్రాసింగ్", అవతలికి చేరాడో లేదో ఆ వాక్యం చెప్పదు. మాండరిన్‌లో ఈ రెండోదానికి ఖాన్‌జియన్ తా తర్వాత జంగ్‌జాయ్ అని పెడతారు, ఇప్పుడే జరుగుతోంది అని. కాబట్టి జంగ్‌జాయ్ పెట్టాలనిపిస్తే ఇంగ్ పెట్టండి, లేకపోతే ఉత్త క్రాస్ అని చెప్తా. అది కుదిరాక సీ పాఠం ఆపేసి హియర్‌లోకి వెళ్తాం, అక్కడ థింగ్‌జియన్‌తో ఇదే వాక్యం మళ్లీ నడుస్తుంది: "ఐ హర్డ్ హర్ సింగ్", "ఐ హర్డ్ హర్ సింగింగ్".